ఏడో అంతస్తు ఆవిడ

గోడ గడియారం పదకొండు కొట్టింది, పెట్టె మూత తెరుచుకుంది, ఆమె నోరు మూతపడింది. ఆ దుకాణం పద్ధతి అంతే. సొంతంగా ఆట తయారుచేసుకుని అమ్మకానికి తెచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, మూలనున్న ఎత్తు స్టూలు ఎక్కి గంటసేపు కూర్చోవాలి. దుకాణం వాళ్ళు పెట్టెలోని పుస్తకం చదువుకుని వాళ్ళంతట వాళ్ళే ఆడతారు. తయారుచేసినవాళ్ళు మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, అర్థం వచ్చేలా దగ్గకూడదు. "రేపు పెట్టె కొన్నవాళ్ళ ఇంటికి మీరు కూడా వెళ్ళి కూర్చుంటారా? కూర్చోరు కదండీ! అందుకే," అన్నాడు దుకాణం ఆయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "గంటలో ఆట మొదలై ముగియాలి. ముగిశాక మళ్ళీ ఆడదామా అని మాలో ఒక్కరికైనా అనిపించాలి. అనిపిస్తే అరలో పెడతాను. లేదంటే టీ తాగి వెళ్దురుగాని." ఆ అర కోసమే ఆమె వచ్చింది. సొంత ఆటలు చేసుకునేవాళ్ళని గడప తొక్కనిచ్చే దుకాణం నగరం మొత్తానికి ఇదొక్కటే. పెద్ద దుకాణాల వాళ్ళిద్దరూ పెట్టె వంక చూడకుండానే, "ఆయన తీసుకున్నాడా?" అని ఈయన గురించే అడిగి పంపేశారు. ఇంట్లో ముందుగదిలో నాలుగువందల పెట్టెలు కిటికీని సగం దాకా మూసేసి ఎదురుచూస్తున్నాయి. వాటిని అక్కణ్ణుంచి కదిలించే దారి చూసుకోకుండా ఇవాళ ఇంటికి వెళ్ళకూడదని ఆమె పొద్దున తల దువ్వుకుంటున్నప్పుడే అనుకుంది.

మూత పనితనం చూశారో లేదో. ఎవరూ చూసినట్టు లేరు. కింద అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన, ఇవాళ గిరాకీ లేదని ఆటకి పైకి వచ్చినాయన, గోళ్ళు గుచ్చి మూతని లాగి పక్కన పడేశాడు. అయ్యో, అలా కాదండీ, రెండు పక్కలా పట్టుకుని ఎత్తాలి, అనబోయి నాలుక కొసన ఆపుకుంది. పుట్టింట్లో ఆమెకు నోట్లో నువ్వుగింజ నానదని పేరు. పద్దెనిమిదేళ్ళుగా అట్టపెట్టెల కంపెనీలో నమూనాలు గీస్తోంది. మందుల పెట్టెలు, బల్బుల పెట్టెలు, చెప్పుల పెట్టెలు. ఎవరింటికి వెళ్ళినా అటక మీద తను గీసిన పెట్టె ఒక్కటైనా ఉంటుంది, కానీ లోపలున్నది ఎప్పుడూ తనది కాదు. మంచి పెట్టె మూతని పైన ఆనించి వదిలేస్తే లోపలి గాలిని మెల్లగా బయటికి తోసుకుంటూ దానంతట అదే దిగాలి, ఒకటి, రెండు, మూడు, అంతే, కూర్చోవాలి. బిగుతైతే ఊడిరాదు, వదులైతే ధబ్బున పడుతుంది. ఈ మూత కోసం ఏడు నమూనాలు కోయించింది. కటింగ్ మిషను మీద పనిచేసే ఆయన ఆరో నమూనాకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు, అమ్మా, ఇది ఆట పెట్టేనా, నగల పెట్టా, అని. అయినా కోసిచ్చాడు. అట్టలో ఆమెను తప్పుపట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. అంత గీర ఉండబట్టే ఈ స్టూలు మీద వెన్ను నిలబెట్టి కూర్చోగలుగుతోంది.

బోర్డు విప్పారు. మడత దగ్గర ఎక్కడా బొమ్మ విరగలేదు, చూడండి బాబూ చూడండి. ఏడంతస్తుల భవనం, మధ్యలో ఒకే ఒక్క లిఫ్టు, కింద వీధి. అంతస్తుకి కొందరు చొప్పున పన్నెండు చెక్క పావులు. దుకాణంలో బిల్లులు రాసే ఆవిడ వాటిని ఒక్కొక్కటే తీసి ఎవరి అంతస్తులో వాళ్ళని నిలబెడుతోంది. సన్నగా, మాట తక్కువగా, పని తెలిసిన చేతులతో. రెండో అంతస్తు ఆఫీసరుకి ఐదు పాయింట్లు, మూడో అంతస్తు నర్సుకి ఐదు, నాలుగో అంతస్తు టీచరుకి నాలుగు, ఐదో అంతస్తు పెళ్ళికొడుక్కి ఆరు, తొందర ఎక్కువ కాబట్టి. కార్డులేసి లిఫ్టుని పైకీ కిందికీ తిప్పుతూ వీధిలోకి ఎవర్ని దించితే వాళ్ళ పాయింట్లు దించినవాళ్ళకి. లిఫ్టులో ముగ్గురికే చోటు. 'ఇంటికి' అనే కార్డు పడగానే వీధిలో ఉన్నవాళ్ళంతా మళ్ళీ ఎవరి అంతస్తుకి వాళ్ళు చేరుకుంటారు, మళ్ళీ దింపుకోవాలి. ఇక ఏడో అంతస్తులో ఒక్క ముసలావిడ. చేతికర్ర, లిఫ్టులో ఇద్దరి చోటు, దించితే ఒక్కటంటే ఒక్క పాయింటు. కళ్ళజోళ్ళ ఆయన ఆ పావుని జేబులోని భూతద్దం తీసి మరీ చూశాడు. "ఈవిణ్ణెవరు దించుతారండీ, గిట్టుబాటు కాదు," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా స్టూలు మీద కొంచెం పొంగింది. నవ్వాలనే కదా అలా పెట్టింది.

ఆ నవ్వు ఇంట్లో పుట్టిందే. వాళ్ళ భవనానికీ ఏడంతస్తులే, లిఫ్టూ ఒకటే, వాళ్ళుండేది ఏడో అంతస్తే. మూడేళ్ళ కిందట ఆ లిఫ్టు నాలుగు నెలలు ఆగిపోయింది. మోటారు కాలిందన్నారు, తీగ తెగిందన్నారు, బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు, వాడి రేపు మాత్రం రాలేదు. జనం మెట్లెక్కలేక ఆయాసపడుతూ ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకున్నారు. బాగయిన రోజున దాని ముందు అంత పెద్ద వరస, నేను ముందంటే నేను ముందు, ఆఫీసరు గారు టీచరమ్మని తోశాడని గొడవ, ఐదో అంతస్తు పెళ్ళికొడుకు సూటు నలిగిందని గొడవ. అది చూసి నవ్వుకుంటూ ఆవేళ ఇంటికొచ్చి చెప్పుల పెట్టె అడుగు భాగం మీద పెన్సిలుతో ఏడు గీతలు గీసింది. అదే మొదటి బోర్డు. అప్పట్నుంచి వారానికి మూడు సాయంత్రాలు ఇల్లంతా ఆడింది. భర్త, రెండు వీధుల అవతలుండే ఆడపడుచు, ఆవిడ భర్త, ఒక్కోసారి నాలుగో అంతస్తు టీచరమ్మ. ఆటలో తన మీద నాలుగు పాయింట్లే వేశావని టీచరమ్మ వారం రోజులు మాట్లాడలేదు కూడా. అత్తయ్య మాత్రం ఎన్నడూ ఆడలేదు. కిటికీ పక్కన కుర్చీలో బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఊడిన చొక్కాలకి బొత్తాలు కుడుతూ కూర్చునేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నువ్వింకా ఇంట్లోనే ఓడిపోతున్నావు, అని భర్త ఏడిపించేవాడు. నిజమే, తను చేసిన ఆటలో తను గెలిచిన సాయంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గెలవడం కోసం కాదు కదా చేసింది. దేనికోసం? పెట్టెలో తనది ఏదైనా ఉండాలని.

బాగా ఆడుతున్నారు. ఎంత బాగా ఆడుతున్నారో! కళ్ళజోళ్ళ ఆయన అప్పుడే పెళ్ళికొడుకుని రెండుసార్లు దించాడు. దుకాణం ఆయన ఎక్కించుకున్న నర్సుని 'లిఫ్టు ఆగింది' కార్డు వేసి రెండో అంతస్తులో ఇరికించినప్పుడు బల్ల మీద చరిచి నవ్వుకున్నారు. పదకొండూ ఇరవై. పుస్తకంలో ఎక్కడా తడబడలేదు, ఎనిమిది పేజీలు, బొమ్మలతో సహా. ఇక పరవాలేదు, అనుకుని భుజాలు కొంచెం సడలించిందో లేదో, బిల్లులు రాసే ఆవిడ పుస్తకం చివరి పేజీ తిప్పి పైకి చదివింది. "ఆట ముగిశాక అందరూ పాయింట్లు లెక్కపెట్టుకోవాలి. ఎక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు." తర్వాత వెనక్కి తిప్పింది. ఏడో పేజీ. ఆరో పేజీ. మళ్ళీ ఎనిమిది. వెనక అట్ట మీద కూడా చూసింది. "ఎప్పుడు ముగుస్తుందండీ?" అంది దుకాణం ఆయనతో. "ఉంటుంది చూడండి, ఎక్కడో రాసే ఉంటారు," అన్నాడాయన, కార్డు వేస్తూ. స్టూలు మీద ఆమెకి మాత్రం ఎక్కడుందో వెతకాల్సిన పని లేకపోయింది. ఎనిమిది పేజీలూ కంఠతా వచ్చు. లేదు. ఎక్కడా లేదు.

ఎలా వదిలేసింది? ఎవరూ ఎలా చూడలేదు? భర్త నాలుగుసార్లు దిద్దాడు, కామాలు మార్చాడు, 'పావులను' అని ఉండాలా 'పావుల్ని' అని ఉండాలా అని ఒక పూటంతా తగువు పెట్టుకున్నాడు. ఆడపడుచు చదివి, బాగుంది వదినా, పిల్లకి కూడా అర్థమవుతుంది, అంది. అచ్చువేసినాయన చదివాడు, ఆయనకి ఆటలోనే నమ్మకం లేదు కాబట్టి ఆయన్ని వదిలేయొచ్చు. అందరూ 'ఆట ముగిశాక' అన్న చోట ఆగకుండా చదువుకుంటూ పోయారు. ఎందుకంటే వాళ్ళందరికీ ఆ చోట ఒక గొంతు వినిపించింది. తనకీ వినిపించింది, రాస్తున్నప్పుడే. కిటికీ పక్కనుంచి, సూది నోట్లో పెట్టుకుని, "ఇక చాలు, లేవండి." అంతే, లేచేవాళ్ళు. పాయింట్లు లెక్కపెట్టుకునేవాళ్ళు. మూడేళ్ళలో ఎన్ని ఆటలు, నాలుగువందలు, ఐదువందలు, ఒక్కటి కూడా వేరేలా ముగియలేదు. అట్టలో వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి ఆటకి ముగింపు నియమమే లేదని పట్టుకోలేదు. అత్తయ్యని పెట్టెలో పెట్టి పంపిస్తాననుకుందో ఏమో! నవ్వొచ్చింది, నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపుగా మారబోతే మింగేసింది. ఏడవడానికి ఇది చోటు కాదు. ఇంకా ముప్ఫై ఐదు నిమిషాలుంది, నోరు మూసుకుని ఉన్నా బుర్ర మూసుకోమని ఎవరూ అనలేదు. ముగింపు కావాలి. ఏదో ఒకటి కాదు, ఆ ఆటకి ఉన్న ముగింపే కావాలి. ఇన్ని వందల సాయంత్రాలు పనిచేసిందంటే దానికొక లెక్క ఉండే ఉంటుంది. అత్తయ్య ఏం చూసి ఆ మాట అనేది?

భోజనం వేళయిందనా? కాదు, వంట కాకముందే అన్న రోజులున్నాయి, అందరూ ఆకలితో ఖాళీ బల్ల దగ్గర కూర్చుని ఇంకో ఆట మొదలుపెట్టిన రోజులు. గంట గడిచిందనా? కాదు, ఇరవై నిమిషాలకే ఆపేసిన సాయంత్రం ఒకటి గుర్తుంది, రెండున్నర గంటలు నడిచిందీ గుర్తుంది. నడుము నొప్పనా? కొడుకు గెలుస్తున్నప్పుడనా? ఆడపడుచు ఈ మాట పైకే అంది ఒకసారి, ఇంకొక్క చుట్టుంటే నేను గెలిచేదాన్నే, కావాలనే ఆపావమ్మా, నీకెప్పుడూ వాడే, అని. అత్తయ్య బొత్తానికి దారం కొరుకుతూ, వాడు గెలిచాడా, నేను చూడలేదే, అంది. అప్పుడు అందరూ నవ్వారు. కోడలు మాత్రం మనసులో పెట్టుకుంది. పెట్టుకుని, ఒక నెలపాటు రహస్యంగా లెక్కరాసింది కూడా, అత్తయ్య ఆపినప్పుడల్లా ఎవరు ముందున్నారని. తీరా చూస్తే భర్త మూడుసార్లే. టీచరమ్మ ఐదుసార్లు. అనుమానించినందుకు సిగ్గుపడి ఆ కాగితం చింపేసింది. ఆ కాగితంలో ఇంకో గడి గీసి ఉంటే, ఆపిన క్షణంలో బోర్డు మీద ఏమున్నదో రాసుకుని ఉంటే ఎంత బాగుండేది. సరే, రాయలేదు. ఇప్పుడు చూడాలి. ఒక్కో సాయంత్రాన్నీ వెనక్కి పిలిచి, మనుషుల మొహాలు కాదు, బల్ల మీద పావుల్ని చూడాలి.

బల్ల దగ్గర మాటలు పలచబడ్డాయి. పదకొండూ నలభై. 'ఇంటికి' కార్డు మూడోసారి పడింది, దించినవాళ్ళంతా మళ్ళీ పైకెక్కి నిలబడ్డారు. దుకాణం ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి ముక్కు మీదికి దించుకున్నాడు, అది మంచి గుర్తు కాదని ఎవరూ చెప్పకపోయినా ఆమెకి తెలిసింది. కళ్ళజోళ్ళ ఆయన పదిహేను పాయింట్లు ముందున్నాడు, ఆవులిస్తూ ఆఫీసరుని మళ్ళీ దించాడు. ముందున్నవాడికే విసుగొచ్చిందంటే ఆట చచ్చినట్టే. "ఎందాకా తిప్పుతామండీ ఈ లిఫ్టుని," అన్నాడాయన. బిల్లులు రాసే ఆవిడ మాత్రం తన వంతు కానప్పుడల్లా బోర్డు పైకొస వంక చూస్తోంది. ఏముందక్కడ? ఏడో అంతస్తు. ముసలావిడ. నలభై నిమిషాలుగా లిఫ్టు ఐదు దాటి పైకి పోలేదు. ఎవరు వెళతారు, ఒక్క పాయింటు కోసం రెండు చోట్లు పాడుచేసుకుని.

ఆ రెండున్నర గంటల సాయంత్రం. అవును, అదే. బయట వాన, ఎవరికీ ఇళ్ళకి పోయే తొందర లేదు, వంట చల్లారిపోయింది, అత్తయ్య ఎంతకీ మాట్లాడదేం, నిద్రపోయిందా అని భర్త వెనక్కి తిరిగి చూశాడు. నిద్రపోలేదు. సూది ఆపి, బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. చివరికి లిఫ్టులో రెండు చోట్లు మిగిలి, వేరే ఎవరూ దారిలో లేక, పోనీ ఈవిణ్ణేసుకుంటా అని అతను ముసలావిణ్ణి ఎక్కించుకున్నాడు. దించాడు. "ఇక చాలు, లేవండి." ఆమె స్టూలు మీద కదలకుండా ఉండిపోయింది. ఇంకొకటి. ఆడపడుచు గోల పెట్టిన రోజు. ఆ రోజు ఎవరు దించారు? తనే. తనకి ఆ పూట చెత్త కార్డులు, ఏడో అంతస్తు దాకా పోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది, ముసలావిణ్ణి దించి ఒక్క పాయింటు తీసుకుని, నా బతుకింతే అని నవ్వింది, వెంటనే ఆ మాట. ఇరవై నిమిషాల ఆట? టీచరమ్మ మొదటిసారి ఆడిన రోజు, నియమాలు తెలియక పాపం అందరికంటే ముందు ముసలావిణ్ణే దించేసింది. పెద్దావిడ కదండీ, అని. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని. ఇంకా వెనక్కి, చెప్పుల పెట్టె బోర్డు రోజుల్లోకి. అప్పుడు పావులు లేవు, సీసా మూతలూ నాణేలూ పెట్టుకుని ఆడేవాళ్ళు, ఏడో అంతస్తుకి ఏమీ మిగల్లేదు. అత్తయ్య డబ్బాలో చెయ్యిపెట్టి కెలికి, పాత కోటుది గోధుమరంగు బొత్తాం ఒకటి తీసి, దీన్ని పెట్టుకో, అంది. ఏడాదిపాటు ముసలావిడంటే ఆ బొత్తామే. అబ్బా, మళ్ళీ ఈ బొత్తామా, అని అందరూ విసుక్కునేవాళ్ళు. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ అంతా వింటూనే ఉండేది.

ఇంకా వెనక్కి వెళ్ళాలి, వెళ్ళక తప్పదు. లిఫ్టు బాగయిన రోజు. తను వరస చూసింది, తోపులాట చూసింది, నవ్వుకుంది, ఆట దొరికిందనుకుంది. ఆ వరసంతా అయిపోయాక ఏం జరిగింది? అంతా దిగిపోయి లిఫ్టు ఖాళీగా పైకొచ్చాక, అత్తయ్య తలుపు దగ్గరికి వచ్చి, ఇప్పుడు ఎవరూ లేరుగా, అంది. నాలుగు నెలలు. మోకాళ్ళతో ఏడంతస్తులు దిగలేక నాలుగు నెలలు ఆవిడ నేల మీద కాలు పెట్టలేదు. తామంతా రోజుకి రెండుసార్లు ఎక్కి దిగి, అమ్మో కాళ్ళు, అమ్మో నడుము అని ఆవిడ ముందే మూలుగుతుంటే, ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. తనే చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కించింది. కింద వీధిలో ఎక్కడికీ వెళ్ళలేదు, ఏమీ కొనలేదు. గేటు పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళని చూసి, చెప్పు విడిచి అరికాలితో నేలని ఓసారి తడిమి, పది నిమిషాలకి, "ఇక చాలు, పద," అంది. ఆ గొంతే. ఆ మాటే. ఆ సాయంత్రమే తను బోర్డు గీసింది, గీసి ఏడో అంతస్తులో ముసలావిణ్ణి పెట్టి, నవ్వుతాలుకి, ఒక్క పాయింటు వేసింది. తనే వేసింది. సిగ్గుతో ఆమెకి స్టూలు దిగి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోలేదు. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుని, గడియారం వంక చూసింది. ఇంకా నాలుగు నిమిషాలు. నోరు మూసుకునే కూర్చుంది. నియమం నియమమే. కానీ బ్యాగులోంచి కలం మాత్రం తీసి చేతిలో పెట్టుకుంది.

పన్నెండు కొట్టింది. దుకాణం ఆయన కార్డులు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు. మనిషి మంచివాడే, మొహంలో జాలి కనపడుతోంది, దానికే ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇక మాట్లాడొచ్చండీ. పెట్టె బంగారం లాంటిది, నేనింత మంచి మూత చూడలేదు. కానీ ఆటకి ముగింపు లేదు."

"ఉందండీ. రాయలేదు. తప్పు నాదే." స్టూలు దిగి వచ్చి, ఎనిమిదో పేజీ అడుగున ఖాళీ చోట పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం రాసి పుస్తకం వాళ్ళవైపు తిప్పింది. "పావుగంట ఇవ్వండి. ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే ఆడండి. నేను మళ్ళీ వెళ్ళి స్టూలెక్కుతాను."

బిల్లులు రాసే ఆవిడ చదివింది. "ఏడో అంతస్తు ఆవిడ వీధిలోకి దిగగానే ఆట ముగుస్తుంది." చదివి, మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. "ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఈవిణ్ణెవరూ దించరేమిటా అని," అంది.

కళ్ళజోళ్ళ ఆయన ఆవులింత సగంలో ఆగింది. పదిహేను పాయింట్లు ముందున్నాడు మరి, ముసలావిణ్ణి ఇప్పుడే దించేస్తే గెలుపు ఆయనదే. గబగబా కార్డులేసి లిఫ్టుని పైకి తోలాడు. ఆరో అంతస్తు దాకా వచ్చేసరికి దుకాణం ఆయనకి విషయం అర్థమై 'లిఫ్టు ఆగింది' కార్డు కొట్టాడు. "అంటే ముందున్నవాడు ఆవిణ్ణి దించాలని చూస్తాడు, వెనకున్నవాళ్ళం దిగకుండా అడ్డుకోవాలి! ఇదండీ ఆటంటే!" కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి పోయింది. ముగ్గురూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఒకాయన తోలతాడు, ఇంకొకాయన లాగుతాడు, గంటసేపు ఎవరికీ పట్టని మనిషి కోసం ఇప్పుడు లిఫ్టు అల్లాడిపోతోంది. ఆ సందడిలో బిల్లులు రాసే ఆవిడ చప్పుడు చేయకుండా పెళ్ళికొడుకుని, నర్సుని, టీచరుని ఒక్కొక్కర్నే దించుకుని, లెక్క సరిపోయిందనుకున్నాక ఏడో అంతస్తుకి వెళ్ళి, ముసలావిణ్ణి ఎక్కించుకుని, మధ్యలో ఎక్కడా ఆపకుండా వీధిలో దించింది. దించి, పావుని మిగతావాళ్ళకి కొంచెం ఎడంగా, గేటు పక్కన నిలబెట్టింది. ఎందుకలా పెట్టిందో ఆవిడకే తెలియాలి. స్టూలు మీద ఆమెకి మాత్రం కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు కళ్ళజోళ్ళ ఆయన, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయి, కింద తన దుకాణం ముందు ఎవరో పిలుస్తున్నా లేవకుండా. "ఆ ముసలమ్మ సంగతి ఈసారి చూస్తాను."

దుకాణం ఆయన నవ్వి ఆమె వైపు చూశాడు. "సోమవారం నలభై పెట్టెలు పట్టుకురండి. కానీ ఆ మాట ప్రతి పెట్టెలో ఉండాలండోయ్. ఒక్కదాంట్లో లేకపోయినా అన్నీ వెనక్కే."

"నాలుగువందల్లోనూ ఉంటుంది," అంది ఆమె. మూతని ఖాళీ పెట్టె మీద తనే ఆనించి వదిలింది. ఒకటి, రెండు, మూడు.

ఆ దుకాణానికి లిఫ్టు లేదు. మెట్ల మలుపులో ఆగి ఇంటికి ఫోను చేసింది. అత్తయ్యే తీసింది.

"అత్తయ్యా, ఆట ఎప్పుడు ఆపాలో పుస్తకంలో రాయలేదు నేను."

"అదేమిటే! ఆ ముసలావిడ దిగాక ఇంకెవరి కోసం తిప్పుతారు లిఫ్టుని? అది కూడా రాయాలా?"

"రాయాలి. నాలుగువందల చీటీలు, చేత్తోనే. బల్ల ఖాళీ చేసి పెట్టండి, అందరం కూర్చుందాం. అంతకంటే ముందు మీరు చెప్పులేసుకుని తయారుగా ఉండండి. కిందికెళ్దాం."

"ఇప్పుడెందుకే?"

"ఊరికే. ఈ వేళప్పుడు లిఫ్టు ఖాళీగా ఉంటుంది."

అవతల బొత్తాల డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది. "అయితే ఒక మాట," అంది అత్తయ్య. "ఎప్పట్నుంచో అందామనుకుంటున్నాను, ఆట పాడవుతుందని ఊరుకున్నాను. చేతిలో కర్ర పెట్టావు, పోనీలే అనుకున్నాను. ఒక్క పాయింటన్నావు, సరే. కానీ ఆవిడకి లిఫ్టులో రెండు చోట్లెందుకే? నేనేమన్నా అంత లావా?"

ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఈసారి దేన్నీ ఆపుకోలేదు. "అచ్చయిపోయింది అత్తయ్యా. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఒక్కటే చేస్తాను."

"మళ్ళీ వేస్తావా?"

"వేస్తాను," అని లేచి, మిగిలిన మెట్లు గబగబా దిగింది.